బరువా, వేగమా? – తుపాకుల శిల్పి జాన్ బ్రౌనింగ్ జీవితం

ఈసారి సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, పాతికేళ్ళకు పైగా ఆయుధాల మధ్య బతికినవాణ్ణి కనుక వాటి గురించే రాస్తానని మాటిచ్చాను. ఏం రాయాలా అని ఆలోచిస్తుండగానే అమెరికా నుంచి మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. వాడు అక్కడ ఒక షూటింగ్ క్లబ్బులో చేరాడట. పాయింట్ 22 సెమీ ఆటోమేటిక్ స్పోర్టింగ్ రైఫిల్ ఒకటి పాతది కొన్నాడట. అది బ్రౌనింగ్ డిజైన్. చప్పుడు తక్కువగా ఉండాలని ధ్వని కన్నా నెమ్మదిగా పోయే రౌండ్లు, అంటే సబ్‌సోనిక్ రౌండ్లు వాడదామని వాడి ఉద్దేశం. దుకాణంలో రెండు రకాలు చూపించారు. ఒకదాంట్లో బుల్లెట్ మామూలు 40 గ్రెయిన్లు. రెండోదాంట్లో బరువైనది, 60 గ్రెయిన్లు. ఏది కొనాలో బాబాయి చెప్పాలట.

నేను వెంటనే చెప్పలేదు. రెండు రోజులు ఆగమన్నాను. ఎందుకంటే ఆ రైఫిల్ తయారుచేసిన మనిషికే, నూరేళ్ళ కిందట, ఇంతకన్నా పెద్ద ఎత్తున ఇదే ప్రశ్న ఎదురైంది. తేలికగా ఉండి వేగంగా పోయే తూటా మంచిదా, బరువుగా ఉండి నెమ్మదిగా పోయే తూటా మంచిదా అని. అప్పుడు దాని జవాబు మీద సిపాయిల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. మనలో చాలామంది నడుముకు కట్టుకున్న 9 ఎం.ఎం. పిస్టల్ కూడా ఆయన బుర్రలోంచి మొదలైనదే. అందుకని ఆయన కథే మీకు చెబుదామనుకున్నాను.

తండ్రి దుకాణం

జాన్ మోజెస్ బ్రౌనింగ్ 1855 జనవరి 23న అమెరికాలోని యూటా ప్రాంతం ఆగ్డెన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి జోనాథన్ బ్రౌనింగ్ తుపాకుల పనివాడు. మోర్మన్ మతం పుచ్చుకుని, తన మతస్థులతో పాటు పశ్చిమానికి వచ్చి 1852లో ఆగ్డెన్‌లో స్థిరపడ్డాడు. ముగ్గురు భార్యలు, 22 మంది పిల్లలు. మన పల్లెల్లో కమ్మరి కొలిమి ఎలా ఉండేదో ఆ దుకాణం అలాంటిది. నాగలి కర్రు విరిగినా, తుపాకి గుర్రం విరిగినా అక్కడికే తెచ్చేవాళ్ళు. జాన్‌కు ఆట వస్తువులు అక్కడి విరిగిన ఇనుప ముక్కలే. పదేళ్ళ వయసులోనే పనికిరాని సామానుతో ఒక తుపాకి లాంటిది చేసి, తమ్ముడు మాట్‌ను వెంటబెట్టుకుని అడవి కోళ్ళను కొట్టాడంటారు.

పెద్ద చదువు లేదు. డ్రాయింగులు గీసే అలవాటు కూడా లేదు. బొమ్మ మొత్తం తలలో పెట్టుకుని, రేకు ముక్కలు కత్తిరించి అచ్చులు చేసుకుని, నేరుగా ఇనుములోకి దిగేవాడు. తమ్ముడు ఎడ్ మిషను పని చూసేవాడు. మాట్ లెక్కలూ వ్యాపారమూ చూసేవాడు. అన్నదమ్ములందరూ ఒకే దుకాణంలో పనిచేశారు.

1879 ఆయన జీవితంలో పెద్ద సంవత్సరం. ఆ ఏడు రేచెల్ థెరిసా చైల్డ్‌తో పెళ్ళయింది. తండ్రి పోయాడు. అక్టోబరు 7న మొదటి పేటెంటు వచ్చింది, ఒక సింగిల్ షాట్ రైఫిల్‌కు. అన్నదమ్ములు ఆ రైఫిల్‌ను చేత్తో తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. అది దేశానికి ఆ చివరనున్న వించెస్టర్ కంపెనీ వాళ్ళ కంట పడింది. 1883లో ఆ కంపెనీ అధికారి టి.జి. బెన్నెట్ అంత దూరం రైల్లో వచ్చి, 8000 డాలర్లిచ్చి హక్కులు కొనుక్కున్నాడు. అక్కడి నుంచి సుమారు 19 ఏళ్ళు బ్రౌనింగ్ చేసిన 40కి పైగా డిజైన్లు వించెస్టర్ కొన్నది. 1886, 1892, 1894 మోడల్ రైఫిళ్ళు అందులోవే. కొన్నింటిని కంపెనీ అసలు తయారే చేయలేదు, ఇంకొకరి చేతికి పోకూడదని కొని పెట్టుకుంది.

గడ్డి పరకలు చెప్పిన రహస్యం

1889లో ఒకరోజు ఆగ్డెన్ దగ్గర రేంజిలో గురి చూసే ఆట జరుగుతోంది. ఎవరో రైఫిల్ పేల్చినప్పుడల్లా నాళం ముందున్న గడ్డి వంగి లేవడం బ్రౌనింగ్ గమనించాడు. మనం కూడా రేంజిలో ఎన్ని వేలసార్లు చూశామో! మనకు అది దుమ్ము. ఆయనకు అది వృథాగా పోతున్న బలం. ఆ గ్యాస్‌తోనే తుపాకిని దానంతట అదే లోడ్ అయ్యేట్టు చేయవచ్చని తోచింది. పాత రైఫిల్ ఒకటి తీసుకుని నాళం మూతి దగ్గర ఒక రేకు అమర్చి, అది గ్యాస్ తాకిడికి ఊగి యాక్షన్ నడిపేట్టు చేశాడు. ఆ ఆలోచనే పెరిగి కోల్ట్ కంపెనీ 1895 మోడల్ మెషిన్‌గన్ అయింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో ఖోఖా బయటికి తీసేది మన చెయ్యి. అది ఏ తూటా ఇచ్చినా కాలుస్తుంది. సెమీ ఆటోమేటిక్‌లో ఆ చెయ్యి తూటాయే. తూటా బలం తక్కువైతే బోల్ట్ పూర్తిగా వెనక్కి రాదు, రోక్ పడుతుంది. ఎక్కువైతే భాగాలు దెబ్బ తింటాయి. ఎస్.ఎల్.ఆర్. వాడినవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. చలిలోనూ దుమ్ములోనూ గ్యాస్ రెగ్యులేటర్ తిప్పి తిప్పి సరిచేసుకున్నవాళ్ళమే కదా. అందుకే ఆటోమేటిక్ ఆయుధానికి తూటా కూడా యంత్రంలో ఒక భాగమే. బ్రౌనింగ్ చాలా పిస్టళ్ళకు, వాటికి తగిన తూటాను కూడా తనే రూపొందించుకున్నాడు.

సిపాయిలు అడిగిన బరువు

1900లో ఆయన పిస్టల్‌ను కోల్ట్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. దాని తూటా పాయింట్ 38. బుల్లెట్ 130 గ్రెయిన్లు, వేగం సెకనుకు సుమారు 1200 అడుగులు. గ్రెయిన్ అంటే కంసాలి తూచే గురిగింజ ఎత్తులో ఇంచుమించు సగం. ధ్వని వేగం మామూలు వాతావరణంలో సెకనుకు సుమారు 1125 అడుగులు. అంటే ఆ బుల్లెట్ ధ్వనిని దాటి పోయేది. లెక్క ప్రకారం చూస్తే మంచి తూటాయే.

అదే రోజుల్లో అమెరికా సైన్యం ఫిలిప్పీన్స్‌లో మోరో యోధులతో పోరాడుతోంది. సైన్యం దగ్గరున్న రివాల్వర్ కూడా పాయింట్ 38దే, అయితే అది వేరే తూటా, చాలా బలహీనమైనది. కత్తి పట్టుకుని మీదకు వచ్చే మనిషి రెండు మూడు దెబ్బలు తిన్నాక కూడా ఆగలేదని, సిపాయిలు చచ్చిపోతున్నారని ఫిర్యాదులు వచ్చాయి. 1904లో థాంప్సన్ అనే అధికారి, వైద్య విభాగం మేజర్ లగార్డ్ కలిసి షికాగో కబేళాలో పశువుల మీదా, శవాల మీదా రకరకాల తూటాలు పరీక్షించారు. సైనిక పిస్టల్ పాయింట్ 45కు తగ్గకూడదని తేల్చారు. ఆ పరీక్షల పద్ధతి మీద తర్వాత చాలా విమర్శలు వచ్చాయి. ఎక్కడ తగిలిందన్నదే అన్నిటికన్నా ముఖ్యమని ఈనాటి డాక్టర్లు అంటారు. కానీ ఆనాటి సైన్యం మాత్రం బరువు కావాలని నిశ్చయించుకుంది.

బ్రౌనింగ్ తన వేగమైన తూటాయే గొప్పదని వాదిస్తూ కూర్చోలేదు. వాడేవాడు ఏది అడుగుతున్నాడో అది చేయడానికి దిగాడు. 1905లో పాయింట్ 45 పిస్టల్ వచ్చింది. తూటా చివరికి 230 గ్రెయిన్ల బుల్లెట్, సెకనుకు సుమారు 850 అడుగుల వేగం దగ్గర స్థిరపడింది. అంటే 15 గ్రాముల సీసం, ధ్వని కన్నా బాగా నెమ్మది. దీన్ని ఈనాటి భాషలో బరువైన సబ్‌సోనిక్ తూటా అంటాం. కాకపోతే ఆయన చప్పుడు తగ్గించడానికి దాన్ని చేయలేదు. బరువు పెంచి వేగం కూడా పెంచితే చేతిలో నిలవదు, పిస్టల్ తట్టుకోదు. బరువు కావాలంటే వేగం వదులుకోవాలి, అంతే.

ఇక్కడ చిన్న లెక్క. బరువును వేగంతో గుణిస్తే తోపు వస్తుంది. 130ని 1200తో గుణిస్తే 1,56,000. 230ని 850తో గుణిస్తే 1,95,500. వేగం తక్కువైనా బరువు బుల్లెట్‌కే తోపు ఎక్కువ. ఎంత తోపు ముందుకు పోతుందో అంతే వెనక్కి కూడా వస్తుంది. పిస్టల్ స్లయిడ్‌ను నడిపేది అదే. కాబట్టి స్లయిడ్, స్ప్రింగు, లాకింగు అన్నీ ఆ తోపుకు సరిపోయేట్టు మళ్ళీ చేసుకోవాలి. బ్రౌనింగ్ ఆరేళ్ళు ఆ పని చేశాడు. మార్చడం, పరీక్షించడం, మళ్ళీ మార్చడం.

1911 మార్చిలో ఆఖరి పరీక్ష. ఒకే పిస్టల్‌తో 6000 రౌండ్లు. ప్రతి 100 రౌండ్లకూ చల్లార్చడానికి కాస్త విరామం, ప్రతి 1000కి శుభ్రం చేసి నూనె. బ్రౌనింగ్ స్వయంగా అక్కడే ఉన్నాడు. పోటీకి వచ్చిన పిస్టల్ పలుమార్లు ఆగింది. ఈయనది ఒక్కసారి కూడా ఆగలేదు. మార్చి 29న సైన్యం దాన్ని తీసుకుంది. అమెరికన్ సిపాయి నడుముకు అది 1985 దాకా అధికారిక పిస్టల్‌గా వేలాడింది.

వేట రైఫిళ్ళు, ఒక గొడవ

ఈ మధ్యలోనే ఆయనకూ వించెస్టర్‌కూ చెడింది. 1900లో ఆయన తనంతట తానే లోడ్ అయ్యే షాట్‌గన్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఈసారి హక్కులు ఒకేసారి అమ్మనన్నాడు. అమ్మిన ప్రతి తుపాకికీ రాయల్టీ అడిగాడు. కంపెనీ ఒప్పుకోలేదు. 19 ఏళ్ళ బంధం 1902లో తెగిపోయింది. రెమింగ్టన్ కంపెనీ అధ్యక్షుడు హార్ట్‌లీని కలవడానికి వెళ్ళి బయట కూర్చుని ఉండగానే, ఆ పెద్దమనిషి గుండె ఆగి చనిపోయాడు. బ్రౌనింగ్ తుపాకి పట్టుకుని ఓడెక్కి బెల్జియం వెళ్ళాడు. లియేజ్ దగ్గర హెర్‌స్టాల్‌లో ఉన్న ఎఫ్.ఎన్. కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. ఆ కంపెనీతో స్నేహం ఆయన ప్రాణం పోయేదాకా నిలిచింది.

రెమింగ్టన్ కూడా తర్వాత కలిసి వచ్చింది. 1906లో ఆయన సెమీ ఆటోమేటిక్ వేట రైఫిల్‌ను తెచ్చింది. దానికే 1911లో మోడల్ 8 అని పేరు పెట్టారు. గట్టి వేట తూటాలు కాల్చగలిగిన తొలి సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళలో అదొకటి. దానికి నాలుగు తూటాలుండేవి. తేలికపాటి పాయింట్ 25 నుంచి, 200 గ్రెయిన్ల బుల్లెట్ ఉన్న పాయింట్ 35 దాకా. జింకకు ఒకటి, ఎలుగుబంటికి ఒకటి. పనిని బట్టి తూటా అన్నమాట.

1914లో ఎఫ్.ఎన్. కంపెనీ ఆయన చిన్న రైఫిల్‌ను విడుదల చేసింది. పాయింట్ 22, సెమీ ఆటోమేటిక్, రెండు ముక్కలుగా విప్పి సంచిలో పెట్టుకోవచ్చు. రౌండ్లు బట్‌లోంచి నింపాలి, ఖోఖాలు కిందికి పడతాయి. లాకింగు ఏమీ లేదు. బోల్ట్ బరువు, స్ప్రింగు బలం, అంతే. మన కార్బైన్ లాగే బ్లోబ్యాక్. నూరేళ్ళు దాటినా ఆ డిజైన్ తయారవుతూనే ఉంది. మావాడు కొన్నది అదే.

యుద్ధం, కొడుకు

అదే 1914 జూన్ 28న సరయెవోలో ఆస్ట్రియా యువరాజును చంపిన పిస్టల్ కూడా బ్రౌనింగ్ డిజైనే, 1910 మోడల్. ఆయుధం చేసినవాడికి అది ఎవరి చేతికి పోతుందో తెలియదు. అయితే తర్వాతి ఘట్టంలో ఆ ఆయుధం ఎవరి చేతికి పోయిందో ఆయనకు బాగా తెలుసు.

1917లో అమెరికా యుద్ధంలో దిగే ముందు సైన్యం దగ్గర సరైన మెషిన్‌గన్‌లు లేవు. బ్రౌనింగ్ రెండు ఆయుధాలు తెచ్చి చూపించాడు. ఒకటి నీళ్ళతో చల్లార్చే మెషిన్‌గన్, రెండోది మనిషి మోసుకెళ్ళే ఆటోమేటిక్ రైఫిల్, బి.ఎ.ఆర్. పరీక్షలో మెషిన్‌గన్ 20,000 రౌండ్లు ఆగకుండా కాల్చింది. ఇంకో 20,000 కాల్చినా బాగానే ఉంది. మరో గన్‌ను 48 నిమిషాలకు పైగా వదలకుండా కాల్పించారు. హక్కులకు ప్రభుత్వం 7,50,000 డాలర్లు ఇస్తామంది. మామూలు రాయల్టీ లెక్కన అయితే దానికి ఎన్నో రెట్లు వచ్చేవి. పదిహేనేళ్ళ కిందట రాయల్టీ కోసం పాత స్నేహాన్నే వదులుకున్న మనిషి, ఈసారి బేరమాడకుండా ఒప్పుకున్నాడు.

ఆయన కొడుకు వాల్ అప్పుడు సైన్యంలో లెఫ్టినెంట్, 79వ డివిజన్‌లో. 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్ రణరంగంలో తండ్రి చేసిన ఆయుధాలను కొడుకే కాల్చాడు. గన్ ఆగితే పోయేది కన్నకొడుకు ప్రాణమే. 6000 రౌండ్లు, 20,000 రౌండ్లు అని పట్టుబట్టి పరీక్షించడం వెనక అర్థం అప్పుడు ఆ తండ్రికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు.

1923లో 9 ఎం.ఎం. పిస్టల్ ఒకదానికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. అది చేతికి రావడానికి ముందే, 1926 నవంబరు 26న, హెర్‌స్టాల్‌లోని ఎఫ్.ఎన్. ఫ్యాక్టరీలో, కొడుకు వాల్ ఆఫీసు గదిలో, గుండె ఆగి కన్నుమూశాడు. వయసు 71. పేటెంట్లు 128. మృతదేహాన్ని ఓడలో తీసుకెళ్ళి పుట్టిన ఊరు ఆగ్డెన్‌లోనే సమాధి చేశారు.

మన కోత్‌లో బ్రౌనింగ్

ఆయన వదిలిన 9 ఎం.ఎం. పిస్టల్‌ను శిష్యుడి లాంటి డ్యుడొనె సేవ్ పూర్తిచేశాడు. 1935లో హై పవర్ పేరుతో బయటికొచ్చింది. ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారై మన చేతికి వచ్చిన పిస్టల్ ఆటో 9 ఎం.ఎం. 1ఎ అదే. మన ఎస్.ఎల్.ఆర్.కు మూలమైన ఎఫ్.ఎ.ఎల్. రైఫిల్‌ను కూడా ఆ సేవే చేశాడు. మన పల్టన్ల ఎం.ఎం.జి., అంటే మాగ్, దాని లాకింగు బ్రౌనింగ్ బి.ఎ.ఆర్. నుంచి వచ్చింది. ఏళ్ళ తరబడి విప్పి, తుడిచి, జోడించాం గానీ ఆ పేరు మాత్రం మాకెవరూ చెప్పలేదు.

నేను కొత్తగా పల్టన్‌కు వచ్చిన రోజుల్లో ఒక సంగతి జరిగింది. కార్బైన్ ఫైరింగు, సింగిల్ షాట్. ఒక రౌండుకు చప్పుడు సన్నగా, తుస్సుమన్నట్టు వచ్చింది. బోల్ట్ సగమే వెనక్కి వచ్చింది. వయసు తొందర, కాక్ చేసి మళ్ళీ ట్రిగ్గర్ మీద వేలు పెట్టాను. వెనకున్న ఉస్తాద్ నా మణికట్టు ఒడిసి పట్టుకున్నాడు. ఖాళీ చేసి నాళంలోకి రాడ్ పెడితే మధ్యలో బుల్లెట్ ఇరుక్కుని ఉంది. ఆ రెండో రౌండు కాల్చి ఉంటే నాళం ఉబ్బేది, పగిలినా పగిలేది. బలం తక్కువైన రౌండు ప్రమాదం లేనిదనుకోవడం ఎంత తప్పో ఆ రోజు తెలిసింది. తర్వాత నేను ఉస్తాద్‌నయ్యాక ప్రతి రంగ్‌రూట్‌కూ మొదట చెప్పింది ఇదే. చప్పుడు తేడాగా వస్తే వేలు తియ్యి, నాళం చూడు.

మావాడికి చెప్పిన జవాబు

రెండు రోజుల తర్వాత మా అన్నయ్య కొడుక్కి ఫోన్ చేసి బ్రౌనింగ్ లెక్కే చెప్పాను. 40 గ్రెయిన్ల సబ్‌సోనిక్ బుల్లెట్ సుమారు 1050 అడుగుల వేగంతో పోతుంది. గుణిస్తే 42,000. 60 గ్రెయిన్లది 950 అడుగులు. గుణిస్తే 57,000. అంటే వేగం తక్కువైనా బోల్ట్‌ను వెనక్కి తన్నే బలం బరువుదానికే ఎక్కువ. 40 గ్రెయిన్ల బుల్లెట్‌నే 1250 అడుగుల వేగంతో పంపే హై వెలాసిటీ రౌండ్‌కు కూడా 50,000 మాత్రమే. కాబట్టి యాక్షన్ నడవదేమోనన్న భయం బరువుదానితో అంతగా లేదు, తేలికదానితోనే ఉంది.

కానీ ఇంకో చిక్కుంది. 60 గ్రెయిన్ల బుల్లెట్ పొడుగ్గా ఉంటుంది. పొడుగు బొంగరం నిలబడాలంటే ఇంకా వేగంగా తిరగాలి. మామూలు పాయింట్ 22 నాళంలో గాళ్ళు 16 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి, అది 40 గ్రెయిన్ల కోసం పెట్టిన లెక్క. బరువు బుల్లెట్ అందులోంచి తూలుతూ పోయి అడ్డంగా తగలవచ్చు. అందుకని రెండూ ఒక్కో డబ్బా కొని కాగితం మీద కాల్చి చూడమన్నాను. కాగితం మీద రంధ్రం గుండ్రంగా ఉందా, తాళం చెవి రంధ్రంలా పొడుగ్గా ఉందా చూడు. ఖోఖా ప్రతిసారీ పడుతోందా చూడు. నాళం మీద రాసి ఉన్న తూటా తప్ప వేరేది వెయ్యకు. చప్పుడు సన్నగా వస్తే ఆగు. చలికాలంలో ధ్వని వేగమే తగ్గుతుంది కనుక, వేసవిలో మెత్తగా పోయిన రౌండు శీతాకాలంలో టప్పుమనవచ్చు, కంగారు పడకు. ఇంతే చెప్పాను.

మూడు వారాలకు మళ్ళీ చేశాడు. 60 గ్రెయిన్లవి యాక్షన్‌ను బ్రహ్మాండంగా నడిపాయట, కానీ 50 గజాల దగ్గర రంధ్రాలు పొడుగ్గా వచ్చాయట. 40 గ్రెయిన్లవి గుండ్రంగా పడ్డాయి. మొదట్లో రెండు మూడుసార్లు ఖోఖా ఇరుక్కుంది. రైఫిల్ విప్పి ఏళ్ళనాటి మడ్డి తుడిచాక ఆ ఇబ్బంది పోయింది. వాడు తేలికదే ఎంచుకున్నాడు.

అక్కడ పిస్టల్‌లో బరువు గెలిచింది, ఇక్కడ రైఫిల్‌లో తేలిక గెలిచింది. బ్రౌనింగ్ బతికుంటే రెండింటికీ ఒప్పుకునేవాడనే నా నమ్మకం. ఆయన బరువు పక్షం కాదు, వేగం పక్షం కాదు. తూటా, ఆయుధం, పని – ఈ మూడూ ఒకదానికొకటి కుదిరాయా లేదా అని కాల్చి చూసేదాకా నమ్మని మనిషి. మనం సర్వీసులో ఉన్నా, పెన్షన్‌లో ఉన్నా, పిల్లలకు నేర్పవలసింది ఆ ఓపికే. ముందు కాల్చి చూడాలి, కాగితం ఏం చెబుతుందో వినాలి, ఆ తర్వాతే మాట్లాడాలి.

జై హింద్.

– ఒక మాజీ సుబేదార్